పట్టు వదులుతున్న నేల: ఆర్కిటిక్ తీరాల కోతపై ఒక సమీక్ష

అలాస్కా ఉత్తర అంచున, బ్యూఫర్ట్ సముద్రం ఒడ్డున డ్రూ పాయింట్ అనే చోటు ఉంది. 2007 నుంచి 2016 దాకా అక్కడ దాదాపు తొమ్మిది కిలోమీటర్ల తీరం ఏడాదికి సగటున 17 మీటర్ల చొప్పున వెనక్కి జరిగింది. ఆ సముద్రం ఏడాదిలో ఎనిమిది, తొమ్మిది నెలలు గడ్డకట్టే ఉంటుంది. అంటే ఏడాది కోత అని మనం లెక్క రాసుకునేదంతా మూడు నాలుగు నెలల్లోనే జరిగిపోతోంది. అది పెద్ద అలలకు పేరుపడ్డ సముద్రం కూడా కాదు. ఆటుపోట్ల తేడా అక్కడ అడుగు కూడా ఉండదు. మరి ఇంత నేల ఎలా పోతోంది?

ఈ ప్రశ్న చుట్టూ గత ముప్పై ఏళ్ళలో చాలా పరిశోధన జరిగింది. భూగర్భ శాస్త్రజ్ఞులు, సముద్ర శాస్త్రజ్ఞులు, పురావస్తు పరిశోధకులు, ఆ తీరాల్లో తరతరాలుగా బతుకుతున్న ఇనుపియాట్, ఇనువియాలుయిట్, యూపిక్ ప్రజలు తలా ఒక భాగం చెప్పారు. అన్నిటినీ కలిపి చదివితే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఆర్కిటిక్ తీరాల కోతను మామూలు సముద్రపు కోతగా చూసినంత కాలం దాని వేగాన్ని తక్కువగా అంచనా వేస్తాం, దాని బాధితులకు పనికిరాని పరిష్కారాలు చూపిస్తాం. అక్కడ నేలను నిలబెట్టిందే మంచు. ఆ మంచు కరిగాక నేలకు పట్టు ఉండదు, పోయిన నేల తిరిగి రాదు. మిగతా చర్చ అంతా ఇక్కడి నుంచే మొదలు కావాలి.

గడ్డకట్టిన నేల

వరసగా కనీసం రెండేళ్ళ పాటు సున్నా డిగ్రీల సెల్సియస్‌కు మించకుండా ఉన్న నేలను పెర్మాఫ్రాస్ట్ అంటారు. అది పైన పరుచుకున్న హిమం కాదు. బండరాయి, ఇసుక, ఒండ్రు, కుళ్ళీ కుళ్ళని నాచు, ఏదైనా సరే చలికి బిగుసుకుని ఉంటే చాలు. దాని మీద ప్రతి వేసవిలో కరిగి, చలికాలంలో మళ్ళీ గడ్డకట్టే పలుచని పొర ఒకటి ఉంటుంది. అలాస్కా ఉత్తర తీరపు మైదానంలో ఆ పొర చాలాచోట్ల అర మీటరుకు అటూ ఇటూ. గడ్డీ నాచూ పెరిగేది అందులోనే. కిందిదంతా వేల ఏళ్ళుగా కరగకుండా ఉన్న నేల.

అందులో మంచు ఎంత ఉందన్నదే తీరం తలరాతను నిర్ణయిస్తుంది. తీవ్రమైన చలికి నేల కుంచించుకుపోయి పగుళ్ళిస్తుంది. వసంతంలో కరిగిన నీరు ఆ పగుళ్ళలోకి దిగి గడ్డకడుతుంది. మరుసటి ఏడాది నేల అక్కడే మళ్ళీ పగులుతుంది, మళ్ళీ నీరు దిగుతుంది. వందల, వేల ఏళ్ళు ఇలా జరిగితే పైన వెడల్పుగా, కింద సన్నగా, మీటర్ల లోతుకు దిగిన మంచు చీలలు తయారవుతాయి. విమానంలోంచి చూస్తే ఈ నేల మీద బహుభుజాల గళ్ళు కనిపిస్తాయి. ఒక్కో గీత కింద ఒక్కో మంచు చీల ఉన్నట్టు. సైబీరియాలో యెదోమా అనే నేలలున్నాయి. గత హిమయుగంలో పేరుకున్న సన్నని ఒండ్రు అది. ఆ నేలల ఘనపరిమాణంలో కొన్నిచోట్ల 80 శాతం వరకు మంచే. అలాంటి నేల కరిగితే మిగిలేది కాస్త బురద, బోలెడు నీళ్ళు.

ప్రపంచ తీరరేఖలో మూడో వంతు దాకా పెర్మాఫ్రాస్ట్ నేలల అంచునే ఉందని అంచనా. ఆర్కిటిక్ తీరాల్లో సుమారు మూడింట రెండు వంతులు రాతి తీరాలు కావు, మంచు పట్టుతో నిలిచిన వదులు మట్టి తీరాలు. నార్వే, గ్రీన్‌లాండ్, కెనడా తూర్పు దీవుల రాతి కొండచరియలు గట్టిగా నిలబడతాయి. అలాస్కా ఉత్తర తీరం, కెనడాలో మెకెంజీ నది ముఖద్వారపు పరిసరాలు, రష్యాలో లాప్‌తెవ్, తూర్పు సైబీరియన్ సముద్రాల తీరాలు అలా నిలబడలేవు.

అల చేసే పని, వేడి చేసే పని

ఈ తీరాల్లో కోత రెండు విధాలుగా సాగుతుంది. ఒకటి కింది నుంచి, రెండోది పై నుంచి.

డ్రూ పాయింట్ మొదటిదానికి ఉదాహరణ. అక్కడ గట్టు నాలుగైదు మీటర్ల ఎత్తు, దాదాపు నిటారుగా ఉంటుంది. గాలివానకు సముద్రం ఉబ్బినప్పుడు నీరు గట్టు పాదాన్ని తాకుతుంది. ఆ నీరు సున్నా కంటే కొద్ది డిగ్రీలే వెచ్చన. అయినా అది ఉప్పునీరు, పైగా ఎడతెగకుండా కదులుతూ ఉంటుంది. గడ్డకట్టిన మట్టికి ఆ కాస్త వేడి చాలు. గట్టు అడుగున నీరు ఒక సొరంగంలా లోపలికి తొలుచుకుపోతుంది. ఆ తొలుపు కొన్ని మీటర్ల లోతుకు చేరేసరికి పైన ఉన్న బరువును కింది నేల మోయలేదు. గట్టు వెనక ఎక్కడో మంచు చీల ఉంటుంది. అది ముందే గీసిపెట్టిన పగులు కాబట్టి నేల అక్కడే విరుగుతుంది. పైన గడ్డి, మధ్యలో నల్లని నాచు పొర, కింద మెరిసే మంచు, అంతా కలిసి ఇల్లంత దిమ్మ ఒక్కసారిగా ముందుకు ఒరిగి నీళ్ళలో పడుతుంది. రోజుల్లోనో వారాల్లోనో ఆ దిమ్మ కరిగిపోతుంది. అది అక్కడ ఉన్నంతసేపే వెనకున్న గట్టుకు రక్షణ.

దిమ్మ కరిగాక మిగిలే మట్టి చాలా సన్నని ఒండ్రు. అది నీళ్ళలో తేలుతూ లోతుకు వెళ్ళిపోతుంది. ఒడ్డున ఇసుక మేట వేయడానికి మిగిలేది స్వల్పం. బంగాళాఖాతం తీరంలో తుఫాను కోసుకుపోయిన ఇసుకలో కొంతైనా సముద్రం నెమ్మదించాక అలలు వెనక్కి తెచ్చి పోస్తాయి. డ్రూ పాయింట్‌లో తిరిగి తేవడానికి అక్కడేమీ లేదు. అక్కడి నేలలో సగానికి పైగా నీరే, అది సముద్రంలో కలిసిపోయింది. తర్వాతి గాలివాన నేరుగా గట్టు పాదాన్నే కొడుతుంది.

రెండో విధానం కెనడాలోని యూకాన్ తీరానికి దగ్గర్లో ఉన్న కికిక్తారుక్ దీవిలో బాగా కనిపిస్తుంది. పటాల్లో దాని పేరు హెర్షెల్ దీవి. అక్కడ ఎండ, వాన, వెచ్చని గాలి పై నుంచి నేలను కరిగిస్తాయి. ఒకచోట మంచు బయటపడితే చాలు, అది కరుగుతూ వెనకున్న గోడను బయటపెడుతుంది, ఆ గోడా కరుగుతుంది. నెలవంక ఆకారంలో పెద్ద గొయ్యి ఏర్పడి ఏళ్ళ తరబడి భూమి లోపలికి తినుకుంటూ పోతుంది. కరిగిన బురద నాలుకలా జారి ఒడ్డుకు చేరుతుంది. సముద్రం ఆ బురదను ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతే గొయ్యికి మూతపడే అవకాశం ఉండదు. అలా కింది కోత, పై కరుగుడు ఒకదానికొకటి తోడవుతాయి.

ఈ రెండు విధానాల తేడా పరిశోధకుల చర్చకే పరిమితమైన విషయం కాదు. గట్టు పాదాన్ని రాళ్ళతో కప్పితే మొదటి కోత కొంత ఆగుతుంది. పై నుంచి కరిగే నేలకు ఆ రాళ్ళు ఏమీ చేయలేవు.

ఎంత వేగం? కొలతలు చెప్పేదేమిటి?

లాప్‌తెవ్ సముద్రంలో సెమ్యోనోవ్‌స్కీ, వసీల్యెవ్‌స్కీ అనే దీవులు ఉండేవి. 1823లో రష్యన్ నావికుడు ప్యోత్ర్ అంజు యాత్రలో వాటిని కొలిచి పటంలోకెక్కించారు. రెండూ మంచు నిండిన నేలలే. వసీల్యెవ్‌స్కీ 1930ల నాటికి, సెమ్యోనోవ్‌స్కీ 1950లలో సముద్రం అడుగుకు చేరాయి. కాబట్టి ఈ కోత కొత్తగా పుట్టిందేమీ కాదు. పారిశ్రామిక యుగపు వేడి రాకముందు కూడా ఇక్కడ సముద్రం నేలను తింటూనే ఉంది. ఇప్పుడు మారింది దాని వేగం.

ఆ మార్పును పట్టుకోవడానికి పరిశోధకులు రెండో ప్రపంచయుద్ధం తర్వాతి వైమానిక ఫోటోలను, ప్రచ్ఛన్నయుద్ధ కాలపు గూఢచారి ఉపగ్రహ చిత్రాలను, నేటి ఉపగ్రహ, డ్రోన్ చిత్రాలను ఒకదానిపై ఒకటి పెట్టి చూశారు. 2012లో హ్యూగ్ లాంట్వీ బృందం లక్ష కిలోమీటర్లకు పైగా ఆర్కిటిక్ తీరాన్ని భాగాలుగా విభజించి సమాచారం కూర్చింది. మొత్తమ్మీద తేలిన సగటు ఏడాదికి అర మీటరు. ఆ అంకె ఇప్పటికీ చాలా చోట్ల కనిపిస్తుంది. కానీ ఆ ఒక్క అంకె మీద ఆధారపడితే పొరపాటు పడతాం. అందులో కదలని రాతి తీరాలున్నాయి, ఎన్నో దశాబ్దాల పాత లెక్కలున్నాయి, కొలతలే సరిగా లేని పొడవైన తీరాలున్నాయి.

దగ్గరికి వెళ్ళి చూస్తే దృశ్యం వేరుగా ఉంటుంది. అమెరికా భూగర్భ సర్వే 2015లో ఇచ్చిన నివేదిక ప్రకారం అలాస్కా ఉత్తర తీరం ఏడాదికి సగటున 1.4 మీటర్లు కోసుకుపోయింది. అదే తీరంలో ఒకచోట ఏడాదికి 18.6 మీటర్ల కోత ఉంటే, మరోచోట 10.9 మీటర్ల మేట ఉంది. బ్యూఫర్ట్ తీరంలో 60 కిలోమీటర్ల భాగాన్ని బెంజమిన్ జోన్స్ బృందం మూడు కాలాలుగా విడగొట్టి చూసింది. 1955–1979 మధ్య ఏడాదికి 6.8 మీటర్లు, 1979–2002 మధ్య 8.7, 2002–2007 మధ్య 13.6. లాప్‌తెవ్ సముద్రంలో తిక్సి రేవుకు దగ్గరున్న ముఓస్తాఖ్ దీవి 62 ఏళ్ళలో తన విస్తీర్ణంలో దాదాపు నాలుగో వంతును, ఘనపరిమాణంలో 40 శాతాన్ని పోగొట్టుకుంది. విస్తీర్ణం కంటే ఘనపరిమాణం ఎక్కువ పోవడానికి కారణముంది. దీవి అంచులు కూలడమే కాకుండా, లోపలి మంచు కరిగి ఉపరితలమే కుంగింది. అక్కడ 1951 నుంచి సగటు కోత ఏడాదికి 1.8 మీటర్లు కాగా 2010–2013 మధ్య అది 3.4 మీటర్లయింది.

కికిక్తారుక్ దీవిలో 2017 వేసవి కొలతలు ఇంకో పాఠం చెబుతాయి. అక్కడ 500 మీటర్ల పొడవున్న ఒక తీరభాగాన్ని డ్రోన్‌తో మళ్ళీ మళ్ళీ చిత్రించారు. 40 రోజుల్లో తీరం 14.5 మీటర్లు వెనక్కి పోయింది. 1952 నుంచి లెక్కేసిన సగటు ఏడాదికి 2.2 మీటర్లే. ఆరున్నరేళ్ళ కోత ఆరు వారాల్లో జరిగిందన్నమాట. ఊరు ఎక్కడ కట్టాలి, చమురు గొట్టం ఎంత దూరంలో వేయాలి అని సగటును చూసి నిర్ణయించే ఇంజనీరుకు ఇలాంటి వేసవి ఒక్కటి చాలు, లెక్కంతా తారుమారు కావడానికి. సగటుతో పాటు, ఒక్క కాలంలో గరిష్ఠంగా ఎంత పోవచ్చన్న అంచనా కూడా ఇవ్వని అధ్యయనం తీరవాసులకు అసంపూర్ణమైనదే.

వేగం ఎందుకు పెరిగింది?

ఆర్కిటిక్ ప్రాంతం 1979 నుంచి ప్రపంచ సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందని 2022లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క తేల్చింది. ఆ వేడి తీరాన్ని నాలుగు దారుల్లో తాకుతోంది.

మొదటిది సముద్రపు మంచు తగ్గడం. సెప్టెంబరులో మిగిలే మంచు విస్తీర్ణం పదేళ్ళకు 12 శాతం చొప్పున తగ్గుతూ వచ్చింది. 2012 సెప్టెంబరులో అది 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది, ఉపగ్రహ కొలతల చరిత్రలో అదే అత్యల్పం. మంచు ఉంటే అలలు పుట్టవు, పుట్టినా ఒడ్డుకు రావు. మంచు దూరం జరిగే కొద్దీ గాలి వీచడానికి ఖాళీ నీటి మైదానం పెరుగుతుంది, అల ఎదుగుతుంది.

రెండోది కాలం. పూర్వం శరత్కాలపు పెద్ద తుఫానులు వచ్చేసరికి ఒడ్డు వెంట మంచు కట్టేసేది. ఇప్పుడు అదే తుఫాను ఖాళీ నీటి మీదుగా వస్తోంది. అలాస్కాలోని షిష్మరెఫ్ గ్రామ పెద్దలు ఈ మార్పును శాస్త్రజ్ఞుల కంటే ముందే గమనించి చెప్పారు. మూడోది నీటి ఉష్ణోగ్రత. మంచు లేని నల్లని నీరు ఎండను పీల్చుకుంటుంది, గట్టు పాదాన్ని తొలిచేది ఆ వేడే. నాలుగోది గాలి, వానల వల్ల పై నుంచి కరగడం.

సముద్రమట్టం పెరుగుదల వీటితో కలుస్తుంది. అయితే రాబోయే దశాబ్దాల్లో దాని ప్రభావం ముఖ్యంగా చదునైన, లోతట్టు తీరాల్లో కనిపిస్తుంది. నేలలో మంచు కరిగి ఉపరితలం కుంగుతుంది, అదే సమయంలో సముద్రం పైకి లేస్తుంది. రోజర్ క్రీల్ బృందం 2024లో ప్రచురించిన అంచనా ప్రకారం అలాస్కా ఆర్కిటిక్ మైదానంలో కోత, కుంగుబాటు, సముద్రమట్టం పెరుగుదల మూడూ కలిస్తే 2100 నాటికి మారిపోయే భూభాగం, కోత ఒక్కదాని వల్ల పోయేదానికి ఆరు నుంచి ఎనిమిది రెట్లు. కోత అంచును తింటుంది, కుంగుబాటు లోపలి నేలను సముద్రానికి అప్పగిస్తుంది. చాలా అధ్యయనాలు ఈ రెంటినీ విడివిడిగా చూశాయి. కలిపి చూడటం ఇప్పుడిప్పుడే మొదలైంది.

అన్ని తీరాలూ తగ్గడం లేదు

ఆర్కిటిక్ అంతటా నేల పోతోందనుకుంటే అదీ సరికాదు. గ్రీన్‌లాండ్ నైరుతి తీరంలో నదీముఖాల డెల్టాలు 1980ల నుంచి ముందుకు పెరిగాయని 2017లో మెటే బెండిక్సెన్ బృందం చూపింది. హిమానీనదాలు ఎక్కువగా కరిగి ఎక్కువ ఒండ్రు మోసుకొస్తున్నాయి, ఫియార్డులలో అలల తాకిడి తక్కువ. హిమానీనదాలు వెనక్కి తగ్గడంతో 2000–2020 మధ్య ఉత్తరార్ధగోళంలో సుమారు 2,500 కిలోమీటర్ల కొత్త తీరరేఖ బయటపడిందని 2025లో మరో అధ్యయనం లెక్కించింది, అందులో ఎక్కువ భాగం గ్రీన్‌లాండ్‌లోనే. భారతదేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం 2008 నుంచి పనిచేస్తున్న నార్వే స్వాల్‌బార్డ్ దీవులు కూడా ఇలాంటి హిమానీనదాల తీరాలే.

అలాస్కాలో కూడా ఒకచోట కోసుకుపోయిన ఇసుక, గులకరాళ్ళు ఇంకోచోట మేటవేసి సన్నని దీవులను పొడిగిస్తుంటాయి. అందుకే ‘ఆర్కిటిక్ తీరం’ అని ఒకే మాటలో తేల్చేయడం కుదరదు. ఏ తీరం ఏ మట్టితో ఏర్పడింది, అందులో మంచు ఎంత, ముందు సముద్రం ఎంత తెరిచి ఉంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలిస్తేనే ఆ తీరం గతి తెలుస్తుంది.

కర్బనం లెక్క

పెర్మాఫ్రాస్ట్ ప్రాంతపు నేలల్లో సుమారు లక్షన్నర కోట్ల టన్నుల సేంద్రియ కర్బనం ఉంది. ఇప్పుడు వాతావరణంలో ఉన్న కర్బనానికి ఇది దాదాపు రెట్టింపు. తీరం కూలినప్పుడు అందులో కొంత నేరుగా సముద్రంలోకి వెళుతుంది. ఎంత అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. 2015లో వచ్చిన ఒక సమీక్ష తీరాల కోత వల్ల ఏడాదికి 50 లక్షల నుంచి కోటీ 40 లక్షల టన్నుల కర్బనం సముద్రంలో కలుస్తోందని అంచనా వేసింది. అంతకు ముందు 2012లో జోరియన్ వాంక్ బృందం ఒక్క తూర్పు సైబీరియా సముద్ర ప్రాంతంలోనే ఏడాదికి నాలుగున్నర కోట్ల టన్నుల దాకా లెక్కించింది. వాళ్ళు తీరాలతో పాటు సముద్రం అడుగున మునిగి ఉన్న పెర్మాఫ్రాస్ట్ కోతను కూడా కలిపారు. అంకెల మధ్య ఇంత తేడాకు ఇది ఒక ముఖ్య కారణం.

సముద్రంలో కలిశాక ఏమవుతుందన్నది రెండో చిక్కు. వాంక్ బృందం లెక్కలో మూడింట రెండు వంతులు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలోకి వెళుతుంది. కొంత కర్బనం సముద్రం అడుగున మళ్ళీ పూడుకుపోతుంది. తీరం నుంచీ నదుల నుంచీ వచ్చే పోషకాలు సముద్రపు సూక్ష్మజీవులకు ఆహారమవుతాయి. ఆర్కిటిక్ మహాసముద్రంలో జరిగే మొత్తం కిరణజన్య ఉత్పత్తిలో మూడో వంతుకు ఈ పోషకాలే ఆధారమని 2021లో జెన్స్ టెర్‌హార్ బృందం చూపింది. అదే సమయంలో ఒడ్డు దగ్గర నీరు బురదమయమై వెలుతురు లోపలికి దిగక జీవులకు నష్టమూ జరుగుతుంది.

మనుషులు బొగ్గు, చమురు, గ్యాస్ మండించి ఏటా గాలిలోకి వదిలే కర్బనం వెయ్యి కోట్ల టన్నుల పైచిలుకు. దానితో పోలిస్తే తీరాల కోత వాటా చిన్నదే. ఆర్కిటిక్ తీరం ఏ క్షణాన్నయినా పేలే కర్బన బాంబు అన్నట్టు రాసే రాతలు సత్యానికి దూరం. అయితే చిన్న వాటా అని వాతావరణ నమూనాల్లోంచి తీసేయడానికీ వీల్లేదు. ఒకసారి మొదలైన ఈ విడుదలను ఆపే మీట ఏదీ మన చేతిలో లేదు.

ఒడ్డున ఉన్న మనుషులు

పెర్మాఫ్రాస్ట్ మీద సుమారు 50 లక్షల మంది జీవిస్తున్నారు, వారిలో పది లక్షల మంది తీరాల్లో ఉన్నారు. సంఖ్య చిన్నది కావచ్చు, కానీ కోతకు గురవుతున్న ఊళ్ళలో అలాస్కా ఆదివాసీ గ్రామాలు ముందు వరసలో ఉన్నాయి. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2003లో 213 ఆదివాసీ గ్రామాలను పరిశీలించి 184 గ్రామాలు వరదకో కోతకో ఎంతో కొంత గురవుతున్నాయని తేల్చింది. 2009 నాటికి 31 గ్రామాలకు ముప్పు ముంచుకొచ్చిందని అదే కార్యాలయం చెప్పింది.

ఇనుపియాట్ కుటుంబాలు పూర్వం రుతువును బట్టి మకాం మార్చేవి. వేసవిలో ఒకచోట చేపలు, చలికాలంలో ఇంకోచోట సీల్ వేట. అలాస్కాలోని కివలీనా గ్రామం ఉన్న సన్నని దీవి అలాంటి రుతుకాలపు వేట విడిదే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రభుత్వం అక్కడ బడి కట్టి, పిల్లల్ని చదివించాలంటే అక్కడే ఉండాలని పట్టుబట్టింది. ఒక రుతువుకు సరిపోయే చోట ఏడాది పొడవునా స్థిరపడాల్సి వచ్చింది. ఈ రోజు ఆ ఊరు కోతకు ఎదురుగా నిలబడిందంటే అందులో ప్రకృతితో పాటు ఆ పాలనా నిర్ణయానికీ భాగముంది. నష్టపరిహారం గురించి మాట్లాడేటప్పుడు ఈ చరిత్రను పక్కనపెట్టడం అన్యాయం.

పోతున్నవి ఇళ్ళొక్కటే కావు. ఉత్కియాగ్విక్ పట్టణం దగ్గర, అలాస్కా ఉత్తర కొసన నువుక్ అనే పాత ఊరు ఉండేది. వెయ్యేళ్ళ నాటి సమాధులు అక్కడి గులకరాళ్ళ నేలలో ఉన్నాయి. గట్టు కూలుతూ ఎముకలు బయటపడుతుంటే, పురావస్తు పరిశోధకురాలు ఆన్ జెన్సెన్ ఆధ్వర్యంలో ఉత్కియాగ్విక్ హైస్కూలు విద్యార్థులు కూడా చేయివేసి సముద్రం కంటే ముందుగా తవ్వారు. వెలికితీసిన పూర్వీకుల అవశేషాలను పట్టణ శ్మశానంలో తిరిగి పూడ్చారు. ఆ పట్టణంలో అనేక కుటుంబాలకు గడ్డకట్టిన నేలలో తవ్విన గుంట కొట్లుంటాయి, తిమింగలం మాంసం ఏడాది పాటు అందులో చెడకుండా నిలవుంటుంది. ఇప్పుడు కొన్ని కొట్లలోకి నీరు ఊరుతోంది, మాంసం పాడవుతోంది. ఒక కొట్టు పోతే వేటను పంచుకునే పద్ధతి, విందు, కట్టుబాటు అన్నీ దెబ్బతింటాయి. డబ్బు లెక్కల్లో ఇవేవీ కనిపించవు.

1950లలో అలాస్కా నుంచి కెనడా దాకా వేసిన రాడార్ కేంద్రాల వరస, వాటి చెత్త గుంటలు, పాత చమురు పరీక్ష బావులు కూడా ఈ తీరాల్లోనే ఉన్నాయి. గట్టు కూలితే వాటిలోని వ్యర్థాలు చేపల నీళ్ళలో కలుస్తాయి.

గోడ కట్టాలా, ఊరు కదలాలా?

షిష్మరెఫ్ ప్రజలు 2002లో, మళ్ళీ 2016లో ఊరు మార్చాలని ఓటు వేశారు. రెండోసారి 89 మంది మారాలని, 78 మంది ఉండాలని చెప్పారు. ఊరు ఇప్పటికీ అక్కడే, రాళ్ళ కట్ట వెనక ఉంది. డబ్బు లేదు, పూచీ తీసుకునే ఒక్క ప్రభుత్వ శాఖ లేదు. అమెరికా విపత్తు చట్టం ఒక్కరోజులో వచ్చిపడే తుఫానును గుర్తిస్తుంది. ఏళ్ళ తరబడి నేల కరగడం ఆ చట్రంలో ఇమడదు. నింగ్లిక్ నది కోస్తున్న న్యూటాక్ గ్రామం కోతను విపత్తుగా ప్రకటించమని కోరితే 2017లో ప్రభుత్వం కాదంది.

కివలీనా మరో దారి ప్రయత్నించింది. 2008లో ఎక్సాన్ మొబిల్ సహా పెద్ద ఇంధన కంపెనీలపై నష్టపరిహారం దావా వేసింది. 2009లో కోర్టు దాన్ని కొట్టేసింది, అప్పీళ్ళూ నిలవలేదు, 2013లో సుప్రీంకోర్టు వినడానికి నిరాకరించింది. ఆ తర్వాత 2020లో తుఫాను వేళ తప్పించుకోవడానికి వంతెనతో కూడిన రోడ్డు, ఆపై లోపలి నేల మీద కొత్త బడి వచ్చాయి. ఊరు పూర్తిగా కదలలేదు.

గోడలకు హద్దులున్నాయి. కట్ట ఉన్నంత మేర అల ఆగుతుంది, కట్ట చివర్ల దగ్గర కోత పెరుగుతుంది, కట్ట కింది నేల కరిగితే కట్టే కుంగుతుంది. రష్యాలో యమాల్ తీరాన ఖరసవేయ్ దగ్గర నిర్మాణాలకని ఒడ్డున ఇసుక తవ్వడం కోతను మరింత పెంచిన అనుభవముంది. ఉత్కియాగ్విక్ లాంటి పెద్ద పట్టణానికి సుమారు ఎనిమిది కిలోమీటర్ల రక్షణ కట్టకు 2022లో అమెరికా ప్రభుత్వం 36 కోట్ల డాలర్లకు పైగా కేటాయించింది. కొన్ని వందల మంది ఉన్న ఊరికి అంత ఖర్చు పెట్టేవారెవరూ లేరు.

మొత్తం ఊరు కదిలిన ఉదాహరణ న్యూటాక్. 2019 అక్టోబరులో మొదటి కుటుంబాలు సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని మెర్తార్విక్‌కు మారాయి, 2024 నాటికి మిగిలినవారూ మారారు. అయితే ఆ స్థలాన్ని ఎంచుకుని రెండు దశాబ్దాలు దాటింది. ఆలస్యం చేస్తే ఏమవుతుందో 2025 అక్టోబరులో చూశాం. హలోంగ్ టైఫూన్ అవశేషం కిప్‌నక్, క్విగిల్లింగాక్ గ్రామాల్లో ఇళ్ళను పునాదుల మీంచి లేపి కొట్టుకుపోయింది. వందల మందిని విమానాల్లో యాంకరేజ్‌కు తరలించాల్సి వచ్చింది. ప్రణాళిక ప్రకారం ఊరు కదలడానికీ, ఇలా చెల్లాచెదురు కావడానికీ మధ్య తేడా ఆ గ్రామాలకు ఇప్పుడు బాగా తెలుసు.

ముందున్న దశాబ్దాలు

డేవిడ్ నీల్సన్ బృందం 2022లో మొత్తం ఆర్కిటిక్‌కు ఒక అంచనా ఇచ్చింది. పారిశ్రామిక యుగం తొలి శతాబ్దంలో ఏడాదికి సగటున 0.9 మీటర్లుగా ఉన్న కోత 2100 నాటికి ఉద్గారాలు మధ్యస్థంగా ఉంటే 2 మీటర్లకు, విచ్చలవిడిగా ఉంటే 2.6 మీటర్లకు చేరవచ్చు. ప్రపంచం ఒక డిగ్రీ వేడెక్కితే ఏడాది కోత 0.4 నుంచి 0.8 మీటర్ల వరకు పెరుగుతుంది. 2024లో వచ్చిన మరో అధ్యయనం ఆర్కిటిక్ తీరప్రాంతపు 318 జనావాసాలను చూసి, 2100 నాటికి వాటిలో 21 శాతాన్ని కోత, 45 శాతాన్ని సముద్రమట్టం పెరుగుదల తాకుతాయని లెక్కేసింది. ఇవి మంచి ప్రారంభాలు. కానీ దిమ్మ కూలడం, ఒక్క తుఫాను కొట్టే దెబ్బ, నేల కుంగుబాటు వంటివి ఇంత పెద్ద నమూనాల్లో ఇంకా సరిగా ఇమడలేదు.

కొలతల్లోనూ పెద్ద ఖాళీ ఉంది. ఆర్కిటిక్ తీరంలో దాదాపు సగం రష్యాది. అత్యంత మంచు నిండిన యెదోమా తీరాలు అక్కడే ఉన్నాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక పాశ్చాత్య సంస్థలకూ రష్యన్ పరిశోధకులకూ మధ్య ఉమ్మడి క్షేత్రపని దాదాపు ఆగిపోయింది. ఉపగ్రహాలు తీరరేఖను చూపిస్తాయి. నేలలో మంచు ఎంతుందో, ఏ లోతున ఉందో చెప్పాలంటే మనిషి వెళ్ళి తవ్వాల్సిందే. ఈ రంగంలో ఇప్పటి అతి పెద్ద లోపం ఇదే అని నా అభిప్రాయం.

ఈ పరిశోధనంతా కలిపి చూస్తే రెండు వేర్వేరు గడువులు కనిపిస్తాయి. ఉద్గారాలను ఇప్పుడు తగ్గిస్తే ఈ శతాబ్దం రెండో సగంలో తీరాలకు మేలు జరుగుతుంది. ఆ మేలు తప్పక కావాలి, కానీ షిష్మరెఫ్‌కో కెనడా తీరంలోని తుక్తొయాక్‌తుక్‌కో అది సమయానికి అందదు. తుక్తొయాక్‌తుక్ రేవును కాస్తున్న చిన్న దీవి ఏడాదికి దాదాపు రెండు మీటర్ల చొప్పున తరిగిపోతోంది. ఆ ఊళ్ళ గడువు ఏళ్ళలో ఉంది. వాళ్ళకు కావలసినవి వేరు. నెమ్మదిగా జరిగే కోతను కూడా విపత్తుగా ఒప్పుకునే చట్టం, ఊరు ఎక్కడికి, ఎప్పుడు కదలాలో ఊరివాళ్ళే నిర్ణయించే అధికారం, ఆ నిర్ణయం వెంట నడిచే నిధులు, ఇవన్నీ ఒకేచోట చూసే ఒక సంస్థ. వీటిలో ఏదీ కొత్త సాంకేతికత కోసం ఎదురుచూడటం లేదు. ఈ తీరాల గురించి మనకు తెలిసిన శాస్త్రం ఇప్పటికే ఆ నిర్ణయాలకు సరిపోతుంది. నేలను కరిగించిన వేడిలో అతి తక్కువ పాత్ర ఉన్న ఈ ప్రజలకు, కనీసం కలిసికట్టుగా ఊరు మార్చుకునే హక్కును సంపన్న ప్రభుత్వాలు బాకీ పడి ఉన్నాయి.